లాంచీలో శ్రీశైలం: పాతాళగంగ రేవు దిగింది మొదలు ఏమేం చూడాలి, ఎలా చూడాలి

కర్నూలు వాళ్లం శ్రీశైలానికి పోవాలంటే ఆత్మకూరు, దోర్నాల మీదుగా బస్సెక్కుతాం. బస్టాండులో దిగి, సత్రంలో సంచులు పెట్టి, క్యూలో నిలబడి దర్శనం చేసుకుని, ప్రసాదం కట్టించుకుని మళ్లీ బస్సు పడతాం. ఇందులో తప్పేమీ లేదు. కాకపోతే ఘాట్ రోడ్డు రాకముందు, కృష్ణ అవతలి ఒడ్డు నుంచి వచ్చిన యాత్రికులకు ఈ క్షేత్రం వేరే వరుసలో కనిపించేది. వాళ్లకు ముందు నీళ్లు, తర్వాత మెట్లు, ఆ తర్వాత కోటలాంటి ప్రాకారం, చివరికి మల్లికార్జునుడు. కృష్ణ అవతలి ఒడ్డున, తెలంగాణలో ఉన్న సోమశిల నుంచి లాంచీలో వచ్చేవారికి ఆ పాత వరుస నేటికీ దొరుకుతుంది. దాన్ని చెదరనీయకుండా, ఒక సాయంత్రం, ఆ మరునాడంతా శ్రీశైలంలో ఎలా గడపాలో వివరంగా చెప్పడానికే ఈ వ్యాసం. 2022లో జిల్లాల విభజనతో శ్రీశైలం నంద్యాల జిల్లాలోకి వెళ్లింది కానీ, మా ఊళ్లో అది మన కర్నూలు శ్రీశైలమే.

బయలుదేరే ముందు: నీటిమట్టం చూసుకోండి

ఈ ప్రయాణానికి ముహూర్తం పెట్టేది పంచాంగం కాదు, జలాశయం. శ్రీశైలం జలాశయపు పూర్తి నీటిమట్టం 885 అడుగులు. వానాకాలంలో ఎగువ నుంచి వరద వచ్చి జలాశయం నిండాక, వేసవిలో అడుగంటేలోపు ఉండే నెలలే లాంచీ ప్రయాణానికి అనువైనవి. కర్నూలు ఎడిషన్ పత్రికల్లో శ్రీశైలం నీటిమట్టం దాదాపు రోజూ అచ్చవుతుంది కనుక, బయలుదేరే వారం ముందు నుంచీ ఆ అంకెను గమనిస్తూ ఉంటే చాలు. నీళ్లు బాగా తగ్గి 840 అడుగుల దరిదాపుల్లోకి వచ్చినప్పుడు సోమశిలకు ఎదురుగా సంగమేశ్వరాలయం నీళ్లలోంచి బయటపడుతుంది. అది చూడవలసిన దృశ్యమే అయినా, అప్పటికి పెద్ద లాంచీలు నడిచే కాలం దాటిపోతుంది. సంగమేశ్వరం వేసవి యాత్ర, శ్రీశైలం లాంచీ ప్రయాణం శీతాకాలపు యాత్ర అని గుర్తుపెట్టుకుంటే ఒకదాని కోసం వెళ్లి మరొకటి దొరకలేదని బాధపడే పని ఉండదు.

సోమశిల నుంచి నడిచే లాంచీ తెలంగాణ పర్యాటక సంస్థది. అది అన్ని రోజులూ నడవదు, నడిచే రోజుల్లోనూ సరిపడా ప్రయాణికులు లేకపోతే బయలుదేరకపోవచ్చు. అందువల్ల ముందురోజు ఫోను చేసి ఖాయం చేసుకున్న తర్వాతే ఇల్లు కదలాలి. కర్నూలు నుంచి అలంపూర్ చౌరస్తా, పెబ్బేరు మీదుగా కొల్లాపూర్ చేరి, అక్కడి నుంచి సోమశిల రేవుకు వెళ్లాలి. లాంచీ ఉదయమే కదులుతుంది కనుక ముందురోజు రాత్రికే కొల్లాపూర్‌లోనో సోమశిలలోనో బస చేయడం మంచిది. సోమశిలలో తెల్లవారితే మరొక లాభం కూడా ఉంది. ముంపు నుంచి తప్పించి పైకి తెచ్చి నిలిపిన గుళ్లను లాంచీ ఎక్కేలోపే చూసుకోవచ్చు.

సంచిలో పెట్టుకోవలసినవి తక్కువే కానీ, ఒక్కటి మరిచినా ఇబ్బందే. మగవారికి పంచె, కండువా, ఆడవారికి చీర లేదా సంప్రదాయ దుస్తులు, అందరికీ ఆధార్ కార్డు, తేలికైన దుప్పటి, టార్చి లైటు అవసరం. ఆరేడు గంటల ప్రయాణం కాబట్టి సజ్జరొట్టెలు, చెనిక్కాయల పొడి, పెరుగన్నం వంటివి కట్టుకోండి. లాంచీ మీద భోజనం పెట్టినా, నీటి గాలికి ఆకలి ముందే వేస్తుంది. ఇల్లు వదలక ముందే చేయవలసిన మరో పని దేవస్థానం వెబ్‌సైటులో స్పర్శ దర్శనం, అంటే లింగాన్ని చేతితో తాకే దర్శనం, టికెట్టు తీసుకోవడం. అది మరునాటి ఉదయానికి ఉండేటట్లు చూసుకోవాలి, లాంచీ దిగిన సాయంత్రానికి ఎంతమాత్రం వద్దు. లాంచీ గంటన్నర ఆలస్యమైతే మీ టికెట్టు మీకు ఎందుకూ కొరగాదు.

లాంచీలో ఉన్నంతసేపు

ఎక్కగానే లైఫ్ జాకెట్టు అడిగి తీసుకుని, కట్టుకుని, చివరిదాకా విప్పకండి. 2019 సెప్టెంబరులో గోదావరిపై కచ్చులూరు దగ్గర జరిగిన పడవ ప్రమాదం తర్వాత నియమాలు గట్టిపడ్డాయి. అయినా ఎండకు ఉక్కపోస్తోందని జాకెట్టు విప్పి పక్కన పెట్టేవారు ప్రతి ప్రయాణంలోనూ కనిపిస్తారు. పిల్లలకు వాళ్ల కొలతకు సరిపోయేదే కావాలని పట్టుబట్టి అడగండి.

నల్లమల కొండలు రెండువైపులా దగ్గరికి జరిగే చోట మీరు వెళ్తున్న నీటి కింద ఊళ్లున్నాయి. 1963లో శంకుస్థాపన జరిగి 1980ల తొలినాళ్లకు పూర్తయిన శ్రీశైలం ప్రాజెక్టు కోసం అటు మహబూబ్‌నగర్, ఇటు కర్నూలు జిల్లాల్లో ఎన్నో పల్లెలు ఖాళీ అయ్యాయి. వాటిలోని పాత ఆలయాలలో కొన్నింటిని రాయి రాయికీ అంకె వేసి ఊడదీసి, అలంపూర్‌లోనూ, కర్నూలు జగన్నాథగట్టు మీదా తిరిగి కట్టారు. జగన్నాథగట్టు మీది గుడి ఇక్కడి నుంచి వచ్చిందని మా ఊరివాళ్లలోనే చాలామందికి తెలియదు. ఈ ప్రయాణానికి ముందో వెనుకో ఒక పూట అక్కడికి వెళ్లి చూసి రండి, ఈ నీళ్లు మీకు వేరుగా కనిపిస్తాయి.

మల్లికార్జునుడి పేరు వెనుకనున్న కథకూ ఈ నదికీ సంబంధం ఉంది. నది ఆవలి ఒడ్డున ఉండేదని స్థలపురాణం చెప్పే చంద్రగుప్త పట్టణపు రాచకూతురు చంద్రవతి కొండమీదికి వచ్చి ఉంటున్నప్పుడు, ఆమె ఆవు ఒకటి రోజూ ఒక శివలింగంపై పాలధార విడిచేదట. ఆమె ఆ లింగాన్ని మల్లెపూలతో అర్చించింది కనుక స్వామి మల్లికార్జునుడయ్యాడని చెబుతారు. ఈ కథను లాంచీలోనే పిల్లలకు చెప్పి ఉంచండి. ఆలయ ప్రాకారపు గోడ దగ్గరికి వెళ్లాక అది మళ్లీ అవసరమవుతుంది.

రేవు దిగాక: మెట్లా, రోప్‌వేనా

పాతాళగంగ దగ్గర లాంచీ ఆగగానే జనమంతా రోప్‌వే వైపు పరుగెత్తుతారు. మీరు ఆగండి. ఇక్కడ కృష్ణను పాతాళగంగ అంటారు, కొండమీది నుంచి చూస్తే అది నిజంగానే అంత లోతున కనిపిస్తుంది. స్నానం చేసేవారు చేయవచ్చు. అయితే కట్టిన గొలుసులు, కంచెలు దాటి లోపలికి వెళ్లవద్దు. జలాశయం కనుక నాలుగు మెట్లు దిగితే అయిదో మెట్టుకు అడుగు అందని లోతు ఉండవచ్చు, పాచి పట్టిన మెట్టు మీద కాలు జారితే ఆసరా దొరకదు. స్నానం వద్దనుకుంటే దోసెడు నీళ్లు నెత్తిన చల్లుకోవడం చాలు.

పైకి వెళ్లడానికి రెండు దారులున్నాయి. మోకాళ్ల నొప్పులు, గుండె జబ్బు ఉన్నవాళ్లు, చంటిపిల్లల తల్లులు సందేహించకుండా రోప్‌వే ఎక్కాలి. మిగిలినవారు మెట్లెక్కాలని నా గట్టి అభిప్రాయం. ఈ సోపానాలకు ఆరువందల ఏళ్లకు మించిన చరిత్ర ఉంది. 14వ శతాబ్దంలో కొండవీటి రెడ్డిరాజ్య స్థాపకుడు ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికీ అహోబిలానికీ మెట్లు కట్టించాడు. అదే శతాబ్దం చివర విజయనగర చక్రవర్తి రెండవ హరిహరరాయల రాణి విఠలాంబ పాతాళగంగకు మెట్లు వేయించింది. తర్వాతి కాలాల్లో బాగుచేతలు ఎన్ని జరిగినా, దారి మాత్రం అదే.

మెట్లు ఎన్ని అని అడిగితే ఒక్కొక్కరు ఒక్కో లెక్క చెబుతారు. అందుకు కారణం నీరే. మట్టం 885 అడుగుల నుంచి 840కి పడిపోతే నలభై అయిదు అడుగుల ఎత్తు అదనంగా బయటపడుతుంది. ఒక్కో మెట్టు ఏడంగుళాలనుకుంటే అది డెబ్బై, ఎనభై మెట్లకు సమానం. జలాశయం నిండుగా ఉన్నప్పుడు రావడానికి ఇది కూడా ఒక మంచి కారణం. నీళ్లు తగ్గిన రోజుల్లో కింది మెట్ల మీద ఎండిన ఒండ్రు పొరలు పొరలుగా పెచ్చులూడుతూ, ఒక్కో పొర ఒక్కో వారపు నీటి గీతలా కనిపిస్తుంది. ఉగాదికి కాస్త ముందు వచ్చినప్పుడు ఒక కన్నడ ముసలమ్మను చూశాను. చేతిలో చిన్న ఇత్తడి గిన్నె పట్టుకుని ఒక్కో మెట్టుకూ పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, వేలు పావడా అంచుకు తుడుచుకుని పైమెట్టుకు జరుగుతోంది. ఆమెను దాటి ముందుకు వెళ్లినవాళ్లందరూ బొట్టు మీద అడుగు పడకుండా పక్కకు తప్పుకుని వెళ్లారు. మీరూ అలాగే వెళ్లండి. పది మెట్లకొకసారి నిలబడి, వెనక్కి తిరిగి నదిని చూస్తూ ఎక్కితే ఆయాసం తెలియదు. చేతిలో తినుబండారాల సంచి ఉంటే మూతి కట్టేయండి, ఇక్కడి కోతులకు ప్లాస్టిక్ సంచి చప్పుడు చాలా దూరానికే వినిపిస్తుంది.

ధూళి దర్శనం

శ్రీశైలంలో ధూళి దర్శనమనే మాట ఉంది. దారి దుమ్ము కాళ్లకు అంటుకుని ఉండగానే, వచ్చినవాడు వచ్చినట్లే స్వామిని చూడడం దాని అర్థం. నల్లమల అడవిలో రోజుల తరబడి నడిచి వచ్చిన భక్తులకోసం పుట్టిన మాట అది. లాంచీ దిగి మెట్లెక్కినవారికి కూడా ఇది తగినదే. సత్రంలోనో దేవస్థానం వసతి గృహంలోనో గది తీసుకుని సంచులు పడేసి, ఫోన్లు గదిలోనే వదిలి గుడికి నడవండి. ఫోన్లు, కెమెరాలు లోపలికి రానివ్వరు. ఈ మొదటి సాయంత్రం స్పర్శ దర్శనం కోసం తాపత్రయపడవద్దు. మామూలు వరుసలో వెళ్లి, దూరం నుంచి దీపపు వెలుగులో కనిపించినంత చూసి బయటికి రండి. రాత్రి అన్నదానంలోనో, దగ్గరి హోటల్లోనో భోంచేసి త్వరగా పడుకోవాలి, మరునాటి పని తెల్లవారుజామునే మొదలవుతుంది.

గోడ

ఈ వ్యాసంలో మిగిలినదంతా మరిచినా ఈ భాగం మరవవద్దని నా కోరిక. శ్రీశైలం ఆలయ ప్రాకారం మన రాష్ట్రపు శిల్పసంపదలో చాలా గొప్పది, చాలా తక్కువమంది నిలబడి చూసేది. మొదటిసారి లాంచీలో వచ్చినప్పుడు నేను కూడా చూడలేదు. మరునాడు పొద్దున్నే ఒక పడవవాడి మాట నమ్మి అక్కమహాదేవి గుహలకు బయలుదేరాను. మనుషులు నిండేదాకా కదలనని అతడు రేవులోనే రెండు గంటలు కూర్చోబెట్టాడు. తిరిగివచ్చేసరికి మధ్యాహ్నం దాటింది, బస్సు అందుకోవాలి కనుక గోడను ఆటోలోంచి చూసి సరిపెట్టుకున్నాను. మళ్లీ వచ్చి దానిని కాలినడకన చుట్టడానికి నాకు నాలుగేళ్లు పట్టింది.

పద్ధతి ఇది. తెల్లవారి ఆరున్నరకల్లా తూర్పు వాకిలి దగ్గరికి చేరుకుని, ప్రదక్షిణగా, గోడ కుడిచేతి వైపు ఉండేటట్లు బయలుదేరండి. చలికాలంలో సూర్యుడు ఆగ్నేయంగా ఉదయిస్తాడు కనుక దక్షిణపు గోడ మీద ఎండ ఏటవాలుగా పడుతుంది. రాతి నుంచి కొద్దిగా మాత్రమే పైకి లేచిన శిల్పాలకు ఆ ఏటవాలు వెలుగే ప్రాణం. ఏనుగు చెవి అంచు, గుర్రపు కళ్లెం, విల్లు వంపు సన్నని నీడ గీతలై తేలతాయి. నడి మధ్యాహ్నం అదే చోటికి వస్తే గోడ చదునుగా కనిపిస్తుంది. పడమటి గోడను సాయంత్రానికి వదిలేయండి. ఉత్తరపు గోడకు చలికాలమంతా నీడే కాబట్టి దానికి ఏ వేళయినా ఒకటే, అక్కడ టార్చి లైటును పక్క నుంచి వేసి చూస్తే రేఖలు తెలుస్తాయి. రాతిని తాకవద్దు, వెలుగు చాలు.

శిల్పాలు వరుసలు వరుసలుగా ఉంటాయి. అన్నింటినీ ఒకేసారి చూడబోతే కళ్లు అలసిపోయి ఏదీ మనసుకు ఎక్కదు. మొదట కింది వరుసలనే చూస్తూ నడవండి. ఏనుగులు, గుర్రాలు, రౌతులు, వేటగాళ్లు, సేనలు కనిపిస్తాయి. విజయనగర కాలపు రాచరికం ఎలా నడిచేదో, ఎలా వేటాడేదో అంతా ఆ వరుసల్లో ఉంది. కొంతదూరం వెళ్లాక వెనక్కి వచ్చి, ఈసారి పై వరుసలు చూడండి. అక్కడ శివకథలు, యోగులు, సిద్ధులు ఉంటారు. అర్జునుడూ కిరాతుడూ ఎదురెదురుగా నిలిచిన ఘట్టాన్ని, భిక్షాటనకు బయలుదేరిన శివుణ్ణి గుర్తుపట్టడం కష్టం కాదు. లింగంపై పాలు విడుస్తున్న ఆవును వెతకమని పిల్లలకు చెప్పండి. లాంచీలో విన్న కథ రాతిలో కనబడినప్పుడు వాళ్ల ముఖాలు చూడాలి. యోగుల్లో ఒక్కొక్కరి ఆసనం ఒక్కో తీరు. కొందరు మోకాళ్ల చుట్టూ యోగపట్టం బిగించి కూర్చుంటారు. మనం చేతిరుమాలు కట్టుకున్నంత మామూలుగా ఆ పట్టీ మడత, ముడి కూడా చెక్కారు.

ఇంత ప్రాకారం ఎందుకు కట్టారన్న సందేహం వస్తుంది. అడవి మధ్యలో, రాజధానులకు దూరంగా, ఏడాది పొడవునా యాత్రికులు వచ్చే సంపన్న క్షేత్రానికి కోటగోడ లాంటి రక్షణ అవసరమే. ఆ రక్షణ గోడను కథలతో నింపిన శిల్పుల ఓర్పు మాత్రం అవసరానికి మించినది. 1794లో ఇక్కడికి వచ్చిన బ్రిటిష్ సర్వేయరు కాలిన్ మెకంజీ కూడా ఈ గోడ దగ్గరే ఆగిపోయాడు. ఆయన తన వర్ణనలో క్షేత్రాన్ని పర్వతం అన్న పేరుతోనే రాసుకున్నాడు. మన పల్లెల్లో పెద్దవాళ్లు ఇప్పటికీ పర్వతానికి పోయొస్తాం అంటారు, ఆ మాట అంత పాతది. ఇంకా వెనక్కి వెళ్తే, క్రీ.శ. 2వ శతాబ్దపు నాసిక్ శాసనంలోని పర్వతాల పట్టికలో ఉన్న సిరిటన శ్రీశైలమేనని చరిత్రకారులు చెబుతారు.

చుట్టు తిరిగేటప్పుడు గోపురాలను కూడా గమనించండి. రాజగోపురానికీ, రథవీధిలో వరుసగా కట్టిన సాలుమంటపాలకూ శ్రీకృష్ణదేవరాయల పేరు ముడిపడి ఉంది. ఉత్తర గోపురం ఛత్రపతి శివాజీది, ఆయన 1677లో ఇక్కడికి వచ్చాడు. పడుతూ లేస్తూ వచ్చిన రాజ్యాలన్నీ ఒకే గోడకు ఒక్కో వాకిలి పెట్టి వెళ్లాయి. ఈ చుట్టుకు గంటన్నర కేటాయించండి.

గుడి లోపల

తర్వాత గదికి వెళ్లి స్నానం చేసి, పంచె కట్టుకుని, ముందే తీసుకున్న టికెట్టుతో స్పర్శ దర్శనానికి వెళ్లండి. కులం, ఊరు, హోదా చూడకుండా భక్తులు తమ చేతులతో జ్యోతిర్లింగాన్ని తాకగల క్షేత్రం ఇది. శివరాత్రి, ఉగాది వంటి రద్దీ రోజుల్లో స్పర్శ దర్శనం ఆపేస్తారు. లింగం చిన్నది, నేలకు దగ్గరగా ఉంటుంది, వంగి తాకాలి. మీ వంతు కొన్ని క్షణాలే కనుక ముందే మనసులో అనుకున్నది అనుకుని వెళ్లండి.

దర్శనం కాగానే జనప్రవాహంతో పాటు బయటికి వచ్చేయకండి. ప్రధానాలయం ముందున్న ముఖమంటపం రెండవ హరిహరరాయల కాలం నాటిది. వీరశిరోమంటపం కొండవీటి రెడ్డిరాజు అనవేమారెడ్డి కట్టించినది. శివుడికి తల కోసి ఇచ్చేంత తీవ్రమైన వీరశైవ భక్తి ఒకప్పుడు ఇక్కడ ఉండేదని ఆ పేరే చెబుతుంది, అక్కడ కాసేపు మౌనంగా నిలబడితే మంచిది. మల్లికాగుండంలోకి తొంగి చూస్తే ఆలయ శిఖరం నీడ నీటిలో కనిపిస్తుంది. ముడతలు పడిన లింగం వృద్ధ మల్లికార్జునుడిది. రావి, మేడి, జువ్వి ఒక్కటిగా పెనవేసుకున్న త్రిఫల వృక్షం నీడలో కూర్చోవచ్చు. ఆపైన మెట్లెక్కి భ్రమరాంబాదేవి గుడికి వెళ్లండి. జ్యోతిర్లింగమూ శక్తిపీఠమూ ఒకే ప్రాకారంలో ఉండడం ఈ క్షేత్రపు విశేషం. అమ్మవారి గుడి వెనుక గోడకు చెవి ఆనిస్తే తుమ్మెద ఝంకారం వినిపిస్తుందని భక్తుల నమ్మకం. మీరూ ఆనించి చూడండి, మీ వెనుక నిలబడ్డవారి కోసం త్వరగా జరగండి.

మరునాటి మిగిలిన పొద్దు

ఉదయపు ఫలహారం తర్వాత రెండు దారులున్నాయి. రెండూ ఒకే రోజులో పెట్టుకుంటే దేన్నీ నింపాదిగా చూడలేరు.

మొదటిది ఆటో మాట్లాడుకుని దోర్నాల రోడ్డు మీది స్థలాలు చూడడం. ఒక్కరోజే ఉండేవారికి నేను సూచించేది ఇదే. సాక్షి గణపతి చేతిలో పుస్తకం, గంటం ఉంటాయి. ఎవరెవరు వచ్చారో ఆయన రాసుకుంటాడని నమ్మకం కనుక ఊరూ పేరూ చెప్పుకుని ముందుకు సాగండి. హాటకేశ్వరం పేరు వెనుక ఒక కుమ్మరి భక్తుడి కథ ఉంది. పగిలిన కుండ పెంకును అటిక అంటారు, అటికలో వెలసిన స్వామి అటికేశ్వరుడై, పండితుల నోట హాటకేశ్వరుడయ్యాడు. దాని ఎదురుగానే మెట్లు దిగితే ఫాలధార, పంచధార. కొండ రాతిలోంచి ఏడాదంతా సన్నగా కారే నీళ్లవి. ఆదిశంకరులు తపస్సు చేసి శివానందలహరి చెప్పిన చోటు ఇదేనని ప్రతీతి. దిగేటప్పుడు సుఖంగానే ఉంటుంది, ఎక్కేటప్పుడు నిన్నటి పాతాళగంగ మెట్లు పిక్కల్లో గుర్తుకొస్తాయి. చివరగా శిఖరేశ్వరం. నంది కొమ్ముల మధ్య నుంచి దూరాన ఆలయ శిఖరాన్ని చూస్తే పునర్జన్మ ఉండదని నమ్మిక. ఆ ఎత్తు నుంచి నల్లమల పచ్చదనమంతా ఒక్క చూపులో అందుతుంది. ఆటోవాడితో ముందే ఏయే చోట్లు, ఎంతసేపు ఆగాలి అన్నవి పేరుపేరునా మాట్లాడుకోండి.

రెండోది అక్కమహాదేవి గుహలు. పాతాళగంగ నుంచి ఇంజను పడవలో ఎగువకు వెళ్లాలి. 12వ శతాబ్దంలో రాజభోగం వదిలి, కన్నడ దేశం నుంచి చెన్నమల్లికార్జునుడిని వెతుక్కుంటూ వచ్చిన కవయిత్రి అక్కమహాదేవి తపస్సు చేసిందని చెప్పే గుహ అది. ముందు పెద్ద సహజ శిలాతోరణం ఉంటుంది, లోపల దారి ఇరుకై, చీకటై, చివర లింగం దగ్గరికి ఒక్కరొక్కరుగానే వెళ్లగలం. ఇరుకు చోట్లంటే భయపడేవారు తోరణం దగ్గరే ఆగడం మేలు. పడవ ఎప్పుడు కదులుతుందో, ఎప్పుడు తిరిగి చేరుస్తుందో ఖాయంగా తెలుసుకోకుండా ఎక్కవద్దు. నాకు జరిగినది మీకు జరగకూడదు. రెండు రాత్రులు ఉండగలిగినవారు ఈ ప్రయాణాన్ని మూడో రోజుకు పెట్టుకోవాలి.

సాయంత్రానికి మాత్రం ఎక్కడున్నా ఊళ్లోకి తిరిగివచ్చి పడమటి గోడను చూడండి. అటునుంచే పంచమఠాల వైపు నడవవచ్చు. ఘంటామఠం, భీమశంకర మఠం, విభూతి మఠం, రుద్రాక్ష మఠం, సారంగధర మఠం అని వాటి పేర్లు. ఘంటామఠం జీర్ణోద్ధరణ జరుగుతున్నప్పుడు రాగి శాసనాలు, వెండి నాణేలు బయటపడ్డాయి. నగరాల్లో పేరున్న గుళ్ల చుట్టూ ఉండే హడావిడి ఇక్కడ ఉండదు, సాయంత్రపు నీరెండలో రాతి గోడలు, చిన్న చిన్న మంటపాలు, గడ్డి మీద పడుకున్న ఆవులు, అంతే. గంట సేపు తీరికగా తిరగండి. దారిలో చెంచులక్ష్మి గిరిజన మ్యూజియం తెరిచి ఉంటే వెళ్లండి. చెంచులకు స్వామి చెంచు మల్లయ్య, వాళ్ల ఇంటి అల్లుడు. మ్యూజియంలో విల్లంబులు, బుట్టలు, తేనె తీసే పనిముట్లు చూసిన తర్వాత, ప్రాకారం మీది వేటగాళ్ల శిల్పాలు గుర్తుకురాక మానవు.

ఆనకట్ట గురించి ఒక్క మాట చాలు. పన్నెండు గేట్లలో ఏవైనా ఎత్తి ఉంటే లింగాలగట్టు వైపు వెళ్లి చూడండి, గేట్లు మూసి ఉంటే ఆ సమయం గోడకే ఇవ్వండి.

తిరుగు ప్రయాణం

వచ్చిన లాంచీలోనే తిరిగి వెళ్లాలనుకుంటే అది మరునాటి ఉదయమే బయలుదేరుతుంది కనుక, పైన చెప్పినదాంట్లో సగానికి పైగా వదులుకోవలసి వస్తుంది. అందువల్ల వచ్చేటప్పుడు నీటి మీద, పోయేటప్పుడు రోడ్డు మీద అన్నది నా సలహా. టికెట్టు తీసుకునేటప్పుడే ఒకవైపు ప్రయాణం వీలవుతుందా అని అడగండి. శ్రీశైలం నుంచి దోర్నాల, ఆత్మకూరు మీదుగా కర్నూలుకు ఆర్టీసీ బస్సులున్నాయి, ప్రయాణం దాదాపు అయిదు గంటలు. దారి పులుల అభయారణ్యం గుండా పోతుంది కనుక రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు దాకా అటవీశాఖ గేట్లు మూసి ఉంటాయి. సొంత వాహనంలో కుటుంబం ఎదురొచ్చి తీసుకెళ్లే ఏర్పాటున్నవాళ్లు కూడా ఈ వేళలు గుర్తుంచుకోవాలి. పంచమఠాల దగ్గర పొద్దు పోయిందంటే ఆ రాత్రి కూడా అక్కడే ఉండి, తెల్లవారి మొదటి బస్సుకు బయలుదేరండి. కిటికీ పక్క సీటు దొరికితే ఆత్మకూరు చేరేదాకా నిద్రపోవద్దు, గేటు తెరిచిన మొదటి గంటలో దుప్పులు రోడ్డు దాటుతుంటాయి.